బైపాస్ దారిలో రాకాసి గుళ్ళు: రోడ్డు పడకముందు ఎవరైనా వచ్చి చూస్తారా?

సోషల్_టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది సిద్దిపేట వైపు ఒక పల్లె. జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా ఊరి పక్క నుంచి నాలుగు లైన్ల బైపాస్ వస్తోంది. మొన్న చలికాలంలోనే మనుషులొచ్చి ఎర్ర రంగు పూసిన రాళ్ళు పాతిపోయారు. పోయిన వారం పేపర్లో 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకోబోతున్నామనే ప్రకటన) పడింది, సర్వే నంబర్ల లిస్టుతో సహా.

ఊరికి ఉత్తరాన గుట్ట కింద బీడు భూమి ఉంది. అక్కడ నేలలో సగం దిగిపోయిన బండరాళ్ళు గుండ్రంగా పేర్చి ఉంటాయి. అలాంటివి పదకొండు. పెద్దదానికి ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిస్తే పదిహేను అడుగులు పడతాయి. మధ్యలో చిన్న రాళ్ళ కుప్ప. మా తాత కాలం నుంచి రాకాసి గుళ్ళు అంటారు, అటు పశువులను కూడా తోలరు. ఒకదాన్ని గుప్తనిధుల వాళ్ళు ఎప్పుడో రాత్రిపూట తవ్వి వదిలేశారు. ఆ గుంటలో నిలువుగా పాతిన బండలు పెట్టెలాగా కనబడతాయి. చుట్టూ చిల్లపెంకులు. లోపలివైపు నల్లగా, బయట మూతి దగ్గర నల్లగా, కిందికి వచ్చేసరికి ఎర్రగా ఉన్నాయి. ఇవి ఇనుపయుగపు సమాధులని మా పాఠాల్లో ఉన్నదాన్ని బట్టి అనుకుంటున్నాను.

ఎర్ర రాళ్ళ వరుస సరిగ్గా వీటి మీదుగానే పోయింది. పదకొండులో ఏడు రోడ్డు కిందికి పోతాయి. అందులో రెండు మా పెదనాన్న పట్టా భూమిలోవే.

నా ప్రశ్న: రోడ్డు వేసేముందు పురావస్తు సర్వే చేయాలని మన దగ్గర చట్టం ఏమైనా ఉందా? ఎవరికి రాయాలి? ఇంకో చిక్కు కూడా ఉంది. ఊళ్ళో ఈ మాట ఎత్తగానే అందరూ నా మీదికి వచ్చారు. "నువ్వు కాగితం పెడితే మా పైసలు ఆగుతయి" అన్నారు. పెదనాన్నైతే "రాళ్ళకు పెండ్లిళ్ళు చేసేది లేదు బిడ్డా, నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు" అన్నాడు. ఆయన మాట కొట్టేయలేను. నిజంగా పరిహారం ఆగుతుందా?

చైనేజీ_బాబు

మేడం, నేను హైవే కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీరుగా చేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

మా చేతికి పని వచ్చేసరికి రోడ్డు ఏ దారిన పోవాలో, అంటే అలైన్‌మెంట్ ఖరారై, టెండర్ అయిపోయి, గడువు తేదీ రాసేసి ఉంటుంది. మాకు కావలసింది చైనేజీ (రోడ్డు మొదలు నుంచి దూరం), లెవెల్ (ఎత్తు). మొదటి పని క్లియరింగ్ అండ్ గ్రబ్బింగ్. అంటే చెట్లు, పొదలు, రాళ్ళు తీసేసి పైమట్టి ఒక 150 మిల్లీమీటర్లు గీకేయడం. డోజర్ ఆపరేటర్‌కు మీ రాకాసి గుళ్ళయినా పొలం గట్టు రాళ్ళయినా ఒకటే. పక్కకు నెట్టేస్తాడు.

కాంట్రాక్టులో మాత్రం ఒక క్లాజు ఉంటుంది. ఫిడిక్ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం నమూనా కాంట్రాక్టు, 1999 రెడ్‌బుక్‌లో అది 4.24. శిలాజాలు, నాణేలు, పురాతన వస్తువులు, కట్టడాలు బయటపడితే అవి యజమాని (పని చేయించేవారు) అధీనంలోకి పోతాయి, కాంట్రాక్టర్ వెంటనే ఇంజనీరుకు నోటీసు ఇవ్వాలి, ఆలస్యమైతే అదనపు గడువు, ఖర్చు అడగవచ్చు. మన హైవే ఒప్పందాల్లో కూడా ఇలాంటి షరతే ఉంటుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ నోటీసు ఎవరివ్వాలి? రాత్రి రెండో షిఫ్టులో ఉన్న ఆపరేటరా?

ఇంతకుముందు ఒక సైట్‌లో డోజర్ కింద పెద్ద కుండ పగిలింది. నేను వెళ్ళేలోపు "లంకెబిందెలు దొరికినయ్" అని ఫోన్లు పోయాయి. తెల్లారేసరికి పలుగులు, పారలతో వందమంది. మూడడుగుల లోతు వరకు పొడిచేశారు. దొరికింది బూడిద, రెండు తుప్పు ముక్కలు. పోలీసులు, తహసీల్దార్, పంచనామా, అన్నీ అయ్యాక నాలుగో రోజున మేము మట్టి కప్పి రోలర్ ఎక్కించాం.

కాబట్టి పని మొదలయ్యాక ఎవరైనా ఆపుతారనే ఆశ పెట్టుకోకండి. చేసేదేదో ఇప్పుడే చేయండి.

పాత_నక్షా

అమ్మా, నేను పురావస్తు తవ్వకాల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. తవ్వించినవారి పేరు పుస్తకం అట్ట మీద ఉంటుంది, గీసినవాడి పేరు నక్షా మూలన చీమ తలకాయంత ఉంటుంది. ఆ రెండో రకం మనిషిని. మీ వర్ణన సరిగ్గా ఉంది. రాతి గుండ్రం, నడుమ రాళ్ళ గుట్ట, కింద బండలతో పేర్చిన పెట్టె, నలుపు ఎరుపు కుండలు. ఇంకేం సందేహం లేదు, పెద్దరాతి సమాధులే.

చట్టం సంగతి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. కేంద్ర రక్షిత కట్టడమైతే 1958 పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆ తరువాతి 200 మీటర్లు అనుమతితో మాత్రమే. తెలంగాణలో రాష్ట్ర రక్షిత కట్టడాలకు 2017 వారసత్వ చట్టం ఉంది. అన్నీ జాబితాలో ఎక్కినవాటికే. మీ పదకొండు గుండ్రాలు ఏ జాబితాలోనూ లేవు కదా. ఇక రోడ్డు డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక) తయారుచేసే కన్సల్టెంటు ఏం చేస్తాడంటే, జాబితా తెరిచి చూసి, "అలైన్‌మెంట్ సమీపంలో రక్షిత కట్టడాలు లేవు" అని పట్టికలో ఒక గడి నింపేస్తాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ గడి నింపడానికి ఎవరూ మీ బీడులో కాలు పెట్టాల్సిన పని కూడా లేదు. రోడ్డు వేసేవాడే ముందుగా డబ్బు పెట్టి పురావస్తు సర్వే చేయించాలనే నిబంధన ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో ఉన్నట్టు మన దగ్గర లేదు.

అలాగని మనకు చేతకాక కాదు. నాగార్జునకొండను చూడండి. 1926లో ఏ.ఆర్. సరస్వతిగారు ఆ లోయను వెలుగులోకి తెచ్చారు. సాగర్ డ్యామ్ ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయ మొత్తం తవ్వారు. రాతియుగం నుంచి మధ్యయుగం దాకా వందకు పైగా చోట్లు. ముఖ్యమైన కట్టడాలను పెకలించి కొండ మీదికి, దగ్గర్లోని అనుపుకు చేర్చారు. అనుపులో మీరు చూసే రంగస్థలం అలా వచ్చి కూర్చున్నదే. శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ముంపు పనుల్లో నేనూ ఉన్నాను. ప్రతి రాయికీ వరుస, స్థానం తెలిసేలా నంబరు వేసి, ఆ నంబరు నక్షాలో ఎక్కించాకే గొలుసు తగిలించేవారు. నంబరు పడని రాయి ముట్టుకుంటే మేస్త్రీ తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను.

మరి డ్యాములకు అంత చేసినవాళ్ళం రోడ్లకు ఎందుకు చేయం? నా లెక్క ఇది. ముంపు అందరి కళ్ళకూ కనబడుతుంది. ఒక లోయ, ఒక తేదీ, నీళ్ళు. పార్లమెంటు దాకా గోల. రోడ్డు అలా కాదు, 60 మీటర్ల పట్టీ. ఈ ఊళ్ళో పది ఎకరాలు, ఆ ఊళ్ళో పన్నెండు ఎకరాలు. ఎక్కడా గగ్గోలు పుట్టేంత పెద్దగా ఉండదు. కానీ 60 మీటర్ల పట్టీ అంటే కిలోమీటరుకు 6 హెక్టార్లు, దగ్గర దగ్గర 15 ఎకరాలు. 40 కిలోమీటర్ల రోడ్డుకు 600 ఎకరాలు. అంత నేల మీద కింద ఏముందో చూద్దామని ఒక్క మనిషి కూడా నడవడు.

నడవడానికి ఎంత ఖర్చవుతుందో కూడా చెప్తాను. ఆరుగురు మనుషులు పది మీటర్లకు ఒకరు చొప్పున వరుసగా నిలబడి నడిస్తే పట్టీ వెడల్పంతా ఒకే విడతలో అయిపోతుంది. నింపాదిగా చూసుకుంటూ పోయినా రోజుకు నాలుగు కిలోమీటర్లు కష్టం కాదు. 40 కిలోమీటర్లకు పది రోజులు. పంట కోసి, దుక్కి దున్ని, ఒక వాన పడ్డాక నడవాలి. అప్పుడు పెంకులు కడిగి పెట్టినట్టు పైకి తేలి కనబడతాయి. దీనికి విమానాలు అక్కరలేదు. ఒక జీపు, ఆరుగురు మనుషులు, వాళ్ళకు మధ్యాహ్నం అన్నం. రోడ్డు ఖర్చులో ఇది లెక్కలోకే రాదు.

మీరు చేయగలిగింది. 1956 జాతీయ రహదారుల చట్టం 3సి కింద, 3ఏ నోటిఫికేషన్ ప్రచురించిన నాటి నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టవచ్చు. అయితే అది ఆ భూమితో సంబంధం ఉన్న మనిషి పెట్టాలి, అంటే మీ పెదనాన్న. ఆయన పెట్టకపోయినా మీరు పౌరురాలిగా కలెక్టరుకూ, హైదరాబాదులోని హెరిటేజ్ తెలంగాణ (రాష్ట్ర పురావస్తు శాఖ) సంచాలకులకూ విడిగా లేఖ రాయవచ్చు. దానికి ఎవరి పట్టా అక్కరలేదు.

ఆ లేఖలో "రోడ్డు ఆపండి" అని మాత్రం రాయకండి. "రోడ్డు పని మొదలయ్యేలోపు ఈ ఏడు సమాధులను శాస్త్రీయంగా తవ్వి నమోదు చేయండి, మిగతా నాలుగింటికి కంచె వేయండి" అని రాయండి. ఆపమంటే ఊరంతా మీకు ఎదురు నిలుస్తుంది, ఆఫీసులో ఫైలు అడుగుకు పోతుంది.

హంటింగ్డన్_తెలుగోడు

పాత_నక్షాగారు ఇంగ్లండ్ పేరెత్తారు కాబట్టి నేను చూసింది రాస్తాను. నేను కేంబ్రిడ్జి దగ్గర ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసుకు పోయే దారిలోనే ఏ14 రోడ్డు కొత్తగా వేశారు. కేంబ్రిడ్జి నుంచి హంటింగ్డన్ దాకా 21 మైళ్ళు, 150 కోట్ల పౌండ్ల పని. రోడ్డు యంత్రాల కంటే ముందు పొలాల్లో ఆరెంజ్ జాకెట్ల మనుషులు దిగారు. నేను రోడ్డు కూలీలనుకున్నాను. తీరా చూస్తే ఆర్కియాలజిస్టులు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు 250 మంది దాకా ఉన్నారు.

వాళ్ళ పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. మొదట పాత మ్యాపులు, విమానం నుంచి తీసిన ఫోటోలు. తరవాత నేలను తవ్వకుండానే అయస్కాంత క్షేత్రంలో తేడాలు కొలిచే పరికరాన్ని పొలమంతా నడిపిస్తారు. పాత కందకాలు, కుండల బట్టీలు స్క్రీన్ మీద గీతలుగా, మచ్చలుగా వస్తాయి. ఆ తరవాత పరీక్ష కందకాలు, పొలంలో అక్కడక్కడా పొడుగ్గా. వాటిలో ఏదైనా పడితే అప్పుడు అసలు తవ్వకం.

అక్కడ ఒకటి నన్ను కట్టిపడేసింది. పైమట్టి తీసే ఎక్స్‌కవేటర్ బకెట్‌కు పళ్ళు ఉండవు. నున్నటి అంచు. డ్రైవర్ దాన్ని వెనక్కి లాగుతూ పలచటి పొరలుగా గీకుతుంటాడు, పక్కనే ఒక ఆర్కియాలజిస్టు బకెట్ అంచు మీదే కళ్ళు పెట్టి నడుస్తుంది. మట్టి రంగు మారిందంటే చెయ్యి ఎత్తుతుంది, యంత్రం ఆగిపోతుంది. ఆ చెయ్యికి అంత అధికారం ఉంది.

ఏం దొరికాయంటే: మూడు నవీనశిలాయుగపు వలయాకార కట్టడాలు, రోమన్ల కాలపు కుండల బట్టీలు నలభై, హౌటన్ దగ్గర జనం వదిలేసిపోయిన ఒక మధ్యయుగపు ఊరు. క్రీ.పూ. 400 నాటి బీరు కాచిన ఆనవాళ్ళు కూడా. మా పబ్బులో రెండు వారాలు ఇదే కబురు. క్రీ.శ. 269లో రెండు నెలల పాటు మాత్రం రాజ్యమేలిన లేలియానస్ అనే రోమన్ చక్రవర్తి బంగారు నాణెం ఒకటి దొరికింది. ఇంగ్లండ్‌లో అలాంటిది అంతకుముందు ఒక్కటే దొరికిందట.

అయితే ఒక మాట. రోడ్డు ఆగలేదు, పక్కకూ జరగలేదు. తవ్వి, రాసుకుని, ఫోటోలు తీసుకుని, వస్తువులు పెట్టెల్లో సర్దుకుని వెళ్ళాక ఆ ఊరి మీదుగానే తారు పడింది. ఇప్పుడు నేను రోజూ దాని మీదే పోతున్నాను. ఎక్కడో ఒకటి రోడ్డు కింద పడకుండా తప్పించుకుంటుంది. ఐర్లండ్‌లో వాటర్‌ఫోర్డ్ బైపాస్ కోసం 2003లో పరీక్ష కందకాలు తీస్తుంటే వుడ్స్‌టౌన్‌లో వైకింగుల స్థావరం బయటపడి, రోడ్డునే పక్కకు జరిపారు. స్టోన్‌హెంజ్ దగ్గర సొరంగం సంగతి అందరికీ తెలుసు. 2020లో అనుమతి, 2021లో హైకోర్టు కొట్టివేత, 2023లో మళ్ళీ అనుమతి, 2024లో కొత్త ప్రభుత్వం మొత్తానికే రద్దు. కానీ అలాంటివి అరుదు.

పాత_నక్షా

బాబూ, పళ్ళు లేని బకెట్ సంగతి రాసి మంచి పని చేశారు. మన దగ్గర జేసీబీకి ఆ నున్నటి అంచు బిగించుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు. ఖర్చంతా ఆ చెయ్యి ఎత్తే మనిషికి అధికారం ఇవ్వడంలో ఉంది.

తవ్వి నమోదు చేసి పోగొట్టుకోవడం కూడా పోగొట్టుకోవడమే, ఒప్పుకుంటాను. కానీ చైనేజీ_బాబుగారు చెప్పిన కుండ చూడండి. దాని కింద బండ ఎటువైపు తిరిగి ఉంది, పక్కబండకు రంధ్రం ఉందా, ఇనుము కుండ లోపల ఉందా బయట ఉందా, ఎముకలు ఒక మనిషివా ఇద్దరివా, ఇవన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. మిగిలింది పంచనామాలో "పాత కుండ పెంకులు" అనే రెండు మాటలు. ఒక సమాధిని సరిగ్గా గీస్తే యాభై ఏళ్ళ తరువాత వచ్చినవాడు కూడా దాన్ని చదువుకుంటాడు.

చైనేజీ_బాబుగారికి ఒక ప్రశ్న. భూమి మీ స్వాధీనంలోకి వచ్చిన రోజుకూ, ఫలానా కిలోమీటర్లో మొదటి డోజర్ దిగిన రోజుకూ మధ్య మామూలుగా ఎంతకాలం పడుతుంది?

చైనేజీ_బాబు

సార్, మంచి చోట పట్టుకున్నారు. నెలలు పడుతుంది. కరెంటు స్తంభాలు జరపాలి, మిషన్ భగీరథ పైపులు జరపాలి, చెట్లకు అనుమతి రావాలి. యుటిలిటీ షిఫ్టింగ్‌తోనే మాకు టెన్షన్. ఒక 33 కేవీ లైను జరగక ఏడాది ఖాళీగా పడున్న బిట్ కూడా నేను చూశాను. ఆ టైములో ఎవరైనా వచ్చి సమాధులు తవ్వుకుంటే మాకు ఒక్కరోజు కూడా నష్టం లేదు. నిజానికి ముందే తవ్వి తీసేస్తే మాకే మేలు, ఆ లంకెబిందెల గోల ఉండదు.

ఇంకో మాట చెప్తాను, ఎవరూ పట్టించుకోనిది. మీరంతా ఆ 60 మీటర్ల గురించే మాట్లాడుతున్నారు. అండర్‌పాస్ దగ్గర కట్ట ఆరేడు మీటర్లు లేస్తుంది. ఆ మట్టి రోడ్డు పట్టీలో దొరకదు. చుట్టుపక్కల ఊళ్ళలో దిబ్బలు, బీళ్ళు, చెరువు కట్టల వెనక భూములు మాట్లాడుకుని టిప్పర్లతో తోలతాం. బారో ఏరియా అంటాం. అవి ఎక్కడ ఉంటాయో డీపీఆర్ రాసేటప్పుడు ఎవరికీ పక్కాగా తెలియదు. కాంట్రాక్టర్ వచ్చాక రైతుతో బేరం కుదిరిన చోట తవ్వుతారు.

పాత_నక్షా

అదీ సంగతి. అమ్మా, ఇది మీకు చాలా ముఖ్యం. సమాధులు రాళ్ళు కాబట్టి కనబడ్డాయి, మీరు అడిగారు. ఆ సమాధుల్లో పడుకున్నవాళ్ళు బతికిన ఊరు ఎక్కడుంది? దాన్ని ఎవరూ అడగరు, ఎందుకంటే అది ఉత్త మట్టి. వాగు పక్కనో చెరువు పక్కనో కొంచెం ఎత్తుగా, బూడిద రంగులో ఉంటుంది. పాటిగడ్డ అనో పాటిమీద అనో పిలుస్తారు. రైతులు పాటిమన్ను బలమైనదని బండ్లతో పొలాలకు తోలుకుంటారు. రోడ్డు కట్టకు మట్టి కావాలంటే ముందు కన్ను పడేది అలాంటి దిబ్బ మీదే. మీ ఊళ్ళో పెద్దవాళ్ళను "పాటి" ఎక్కడని అడిగి చూడండి.

పరిహారం గురించి. మీ పెదనాన్నకు ఇలా చెప్పండి. పరిహారం భూమికి, ఆ భూమి మీదున్న చెట్లూ బావులకూ కడతారు. కింద సమాధి ఉందని ఒక్క రూపాయి తగ్గించే నిబంధన లేదు. ఆయన భయం ఊరికే పుట్టిందీ కాదు. 3ఏ పడిన ఏడాదిలోపు 3డి ప్రకటన (భూమి తీసుకున్నట్టు ఖరారు చేసేది) రాకపోతే మొత్తం నోటిఫికేషన్ రద్దవుతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే అలైన్‌మెంట్ మార్చమని పట్టుబట్టకుండా, స్వాధీనం అయ్యాక దొరికే ఆ ఖాళీ నెలల్లో తవ్వమని అడుగుదాం. అప్పటికి భూమి ప్రభుత్వానిది, మీ పెదనాన్నకు తలనొప్పి లేదు. ఇంజనీరుగారే తమకు నష్టం లేదని ఇక్కడ రాశారు. కుదిరితే ఆయన మాటలు లేఖలో వాడుకోండి, పేరు లేకుండా.

పిల్లలు పెంకులు ఏరి ఇంటికి తెస్తుంటే మాన్పించండి. 1878 నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయలు మించిన విలువ గలది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయలు విక్టోరియా రాణి కాలం నాటివి, ఎవరూ పెంచలేదు. పెంకుకు ఆ విలువ ఉందా అన్నది కాదు, దొరికిన చోటు నుంచి కదిలిస్తే దాని కథ సగం పోతుంది. ఫోటో తీసుకోండి, పెంకును అక్కడే వదిలేయండి.

సోషల్_టీచర్

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఈ వారంలో జరిగింది చెప్తాను.

పాత_నక్షా సార్ రాసింది పెదనాన్నకు చదివి వినిపించాను. "పైసలు తగ్గవు" అన్నచోట రెండోసారి చదివించుకున్నాడు. అభ్యంతరం మీద సంతకం మాత్రం పెట్టనన్నాడు. "లేఖ నువ్వు రాసుకో, నా సర్వే నంబరు వేసుకో, నేను కాదనను" అన్నాడు. ఇదే ఎక్కువ అనుకున్నాను. లేఖ కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాను, హైదరాబాదుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రోడ్డు ఆపమనలేదు. ఏడింటిని తవ్వి నమోదు చేయమని, నాలుగింటికి కంచె వేయమని, మీరన్నట్టే.

తొమ్మిదో తరగతి పిల్లలతో పదకొండు గుండ్రాలకూ నంబర్లిచ్చాం. మీటరు కర్రకు ఎరుపు తెలుపు పట్టీలు వేశారు, పొడవు కొలిచారు, ఫోన్‌లో లొకేషన్ రాసుకున్నారు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరిపి చూస్తే మొదట పద్నాలుగు ఉన్నట్టు కనబడింది. మూడు ఎప్పుడో పోయాయి, ఆ చోట ఇప్పుడు వెంచర్ హద్దురాళ్ళు ఉన్నాయి.

ఇక పాటి. మా నాయనమ్మను అడిగితే ఆలోచించకుండా చెప్పింది: చెరువు తూము అవతల, చాకలి బండ దగ్గర ఉన్న దిబ్బ. "మీ తాత ఆ మన్ను తోలే కదా మక్కలు పండిచ్చింది" అంది. వెళ్ళి చూశాను. చెరువు వైపు ఒక మూల ఎప్పుడో కోసేశారు, నిలువు గోడలా ఉంది. అందులో బూడిద గీతలు, పెంకులు, ఒకచోట ఎర్రగా కాలిన మట్టి. దిబ్బ రోడ్డు పట్టీకి అర కిలోమీటరు దూరం, అంటే ఏ నోటిఫికేషన్‌లోనూ లేదు. ఆ భూమి గల ఆయనను కలిస్తే, మట్టి కోసం ఎవరో వచ్చి అప్పుడే అడ్వాన్స్ మాట్లాడి పోయారట.

దీనికేం చేయాలి? ఇది రోడ్డు కిందికి రాదు కాబట్టి నా లేఖలో లేనే లేదు.

చైనేజీ_బాబు

మేడం, మట్టి తోలాలన్నా మైనింగ్ వాళ్ళ అనుమతి కావాలి, రెవెన్యూ నుంచి రిపోర్టు పోవాలి. అనుమతి ఇంకా రాకపోయి ఉండవచ్చు. తహసీల్దారుకు ఈరోజే ఇంకో లేఖ ఇవ్వండి, సర్వే నంబరు, ఫోటోలతో. మా వైపు నుంచి చెప్తున్నాను, బారో ఏరియా మార్చుకోవడం కాంట్రాక్టరుకు పెద్ద కష్టం కాదు. అలైన్‌మెంట్ మార్చడం లాంటిది కాదు ఇది. ఇంకో దిబ్బ చూసుకుంటాడు. అడ్వాన్స్ పోతుందని రైతు గొడవ చేస్తాడు, ఆయనతో ముందుగా మాట్లాడుకోండి.

పాత_నక్షా

అమ్మా, ఆ రెండో లేఖ ప్రతి హెరిటేజ్ తెలంగాణకు కూడా పంపండి. మొదటి లేఖ రసీదు జిరాక్స్ జతచేయండి, రెండూ ఒకే ఫైల్లో పడాలి. సమాధులు, అవి ఎవరివో ఆ మనుషుల ఊరు, రెండూ అర కిలోమీటరులో ఉన్నాయని మొదటి వాక్యంలోనే రాయండి. తవ్వేవాళ్ళకు అంతకంటే ఆశ పెట్టేది లేదు, అలాంటి జత దొరకడం కష్టం. ఆ సమాధులూ ఆ దిబ్బా ఒకే కాలానివా అన్నది తవ్వితేగానీ తేలదు, కాబట్టి "కావచ్చు" అని రాయండి.

ఆ కోసిన గోడను మాత్రం రేపే ఫోటో తీయించండి. ఉదయం ఎనిమిదిలోపు, ఎండ పక్క నుంచి పడేటప్పుడు, అప్పుడే పొరలు విడివిడిగా కనబడతాయి. గోడ మీద నీళ్ళు చల్లండి, పలుగుతో గీకవద్దు. మీ పిల్లలు చేసిన ఎరుపు తెలుపు కర్ర గోడకు ఆనించి నిలువుగా పెట్టండి. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి ప్రతి మీటరుకూ ఒక ఫోటో, ఒకదానిలో కొంత భాగం రెండోదానిలోకి వచ్చేలా. కాలిన ఎర్ర మట్టి ఉన్నచోట దగ్గరగా ఇంకోటి. ఆ ఫోటోలు ఇక్కడ పెడితే నేను గీసి పంపుతాను. చేతులు వణుకుతున్నాయి కానీ స్కేలు పట్టుకుంటే నిలుస్తాయి.